హమీద్ భాయ్ పొగ ఓడ

హమీద్ భాయ్‌కి ఉన్నది ఒక్కటే జబ్బు. ఎక్కడ ఆవిరి కనబడినా, 1819లో అమెరికా నుంచి లివర్‌పూల్‌కు బయలుదేరిన పొగ ఓడ కథ చెప్పవలసిందే. నార్కట్‌పల్లి చౌరస్తాలో ఆయనది చాయ్ హోటల్ కనుక ఆవిరికి కరువు లేదు. కథ నిడివి తొమ్మిది నిమిషాలు. వినేవాళ్లు నాలుగో నిమిషానికే చాయ్ సగంలో వదిలి లేచిపోయేవారు.

1962 వేసవిలో ఒక మధ్యాహ్నం నల్లగొండ బస్సు పొగలు కక్కుతూ ఆ హోటల్ ముందు ఆగింది. సరిగ్గా అప్పుడే పక్క పల్లె నుంచి పెద్దులు అనే కుర్రవాడు మైలున్నర పరుగెత్తి వచ్చాడు. తల్లి గుర్వమ్మను పాము కరిచింది. మంచం మీద మోసుకొస్తున్నారు. ఈ బస్సు తప్పితే మరో మూడు గంటల దాకా దిక్కులేదు.

డ్రైవర్ అమరేందర్ ఆలస్యానికి అప్పటికే రెండు మెమోలు అందుకున్నవాడు. రేడియేటర్‌లో నీళ్లు పోయడం కాగానే కదులుతానన్నాడు.

నీళ్లు పోసేది ఎప్పుడూ హమీద్ భాయే. తడి గోనెపట్టాతో మూత విప్పి, ఎడమచేత పట్టుకొని, ఒక చెంబు పోశాడు. గుప్పున ఆవిరి లేచింది.

"డ్రైవర్ సాబ్, పద్దెనిమిది వందల పంతొమ్మిదిల..."

పెద్దులుకు కడుపు మండింది. "మా అమ్మ పానం పోతాంది భాయ్. గిప్పుడా నీ ఓడ?"

హమీద్ భాయ్ అతనివైపు చూడనైనా లేదు. ఆ ఓడకు సరుకు అప్పగించిన వర్తకుడు ఒక్కడూ లేడన్నాడు. అర చెంబు పోశాడు. టికెట్ కొన్న మనిషీ లేడన్నాడు, పావు చెంబు. ఐర్లండ్ తీరంలో పొగ చూసి, ఓడ అంటుకుందని జనం వెంటపడ్డారన్నాడు, గుక్కెడు. బస్సు కిటికీలోంచి ఒకాయన, ఆ ఓడ మునిగినా బాగుండునన్నాడు. అమరేందర్ మూత కోసం చెయ్యి చాచాడు.

"ఇస్త సాబ్. నిండకుంటే ఇంజిను ఏం కావాలె?"

పెద్దులు చూపు మట్టిబాట మలుపు మీదే ఉంది. ఇరవై రెండో నిమిషంలో దుమ్ములోంచి మంచం బయటపడింది. ఓడ ఇంకా లివర్‌పూల్ చేరలేదు. హమీద్ భాయ్ కథ ఠక్కున ఆపి, బకెట్‌లో మిగిలిందంతా ఒక్కసారిగా కుమ్మరించి, మూత బిగించాడు.

"ఎక్కించుర్రి."

తొమ్మిది నిమిషాల కథ అంత ఎందుకు సాగిందో పెద్దులుకు అప్పుడు అర్థమైంది. అమరేందర్‌కు కూడా. "మెమో వస్తే నీ ఓడ మీదనే రాస్త భాయ్," అని అతడు బస్సును దవాఖాన దాకా ఎక్కడా ఆపలేదు.

పన్నెండో రోజున గుర్వమ్మ తన కాళ్ల మీద నడిచొచ్చి, హోటల్ బల్ల మీద కూర్చొని, కథ మొత్తం చెప్పమంది. హమీద్ భాయ్ చెప్పాడు. ఆమె ఒక్కసారీ లేవలేదు. ఇరవై తొమ్మిది రోజులకు ఓడ లివర్‌పూల్ చేరింది.

"మంచిగుంది కొడుకా. గని, గన్ని దినాలు ఓడల బువ్వ ఎవలు వండిరు?"

అంతదాకా విన్నవాళ్లు లేరు కనుక ఆ ప్రశ్న హమీద్ భాయ్‌ను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఆమెకు ఇంకో చాయ్ పోసి, తెలుసుకొని చెప్తానన్నాడు.