పడటం నేర్పే హఫీజ్

తాడేపల్లిగూడెంలో పరుపులు కుట్టే హఫీజ్ వేసవి సెలవుల్లో మాత్రం స్కేటింగ్ మాస్టారు. మూతబడ్డ రైసుమిల్లులో ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లమే ఆయన సమ్మర్ క్యాంపు. ఆరింటికల్లా దాన్ని ఊడ్చి, వచ్చిన పిల్లల మోకాళ్లకు బూరుగుదూది మెత్తలు తనే కడతాడు. ముడి వేశాక రెండుసార్లు లాగి చూస్తాడు. ఓసారి స్కేట్ల మీద బస్సు కంటే ముందు ఏలూరు చేరాడని పిల్లలు చెప్పుకుంటారు. ఆయన అవుననడు, కాదనడు. మొదటి వారమంతా చక్రాలు ముట్టుకోనివ్వడు. మోకాళ్లు వంచి పక్కకు పడటమే నేర్పుతాడు.

నాలుగో రోజు కిరాణా కొట్టు శ్రీరాములు తన కూతురు విజయదుర్గను మాన్పించడానికి వచ్చాడు. "పడ్డానికి మాస్టారెందుకండీ? మా ఇంట్లో మెట్లున్నాయి," అన్నాడు. పిల్ల ముఖం వాడిపోయింది. "అయితే పడకుండా నాలుగడుగులు మీరే వేసి చూపించండి. రేపట్నుంచి అదే నేర్పుతాను," అంటూ హఫీజ్ పెద్ద జత తెచ్చి ఆయన కాళ్లకు కట్టాడు. రెండో అడుగులోనే శ్రీరాములు చేతులు గాలిలోకి లేచాయి. "వెనక్కి కాదు నాన్నా, మోకాళ్లు వంచి పక్కకి పడిపో," అని విజయదుర్గ అరిచింది. ఆయన అలాగే పడ్డాడు. పంచె మాసింది గాని దెబ్బ తగల్లేదు. కాసేపు అక్కడే కూర్చుని, "మళ్లీ చెప్పమ్మా, ముందు ఏ మోకాలు వంచాలి?" అని అడిగాడు. ఇంకా వారం నిండకపోయినా హఫీజ్ అప్పుడే చిన్న జత తెచ్చి, విజయదుర్గ ముందు కూర్చుని లేసులు కట్టసాగాడు.