వెనక నుంచి లాగే మనిషి

మొన్న కళ్లద్దాలు మార్పించుకుందామని మదనపల్లెకు పోయి తిరిగి వస్తూ, బెంగుళూరు రోడ్డు పక్కన టార్పాలిన్ మీద గుమ్మడికాయలు పోసినట్టు హెల్మెట్లు పోసి అమ్ముతుంటే స్కూటరు ఆపాను. నా పాత హెల్మెట్ పట్టీ ఊడిపోయి చాలా రోజులైంది. పోలీసులు మళ్లీ బండ్లు ఆపుతున్నారని మా పుంగనూరులో ఒకటే మాట. అమ్మేవాడు నా తల వైపు కూడా చూడకుండా చేతికందినది ఒకటి తీసి ఇచ్చి, "ఏసుకోండి సార్, అన్నీ ఒగటే సైజు, ఎవురికైనా పడతాది" అన్నాడు. నేను దాన్ని పెట్టుకుని, గడ్డం కింద పట్టీ బిగించి, చేతులు కిందికి వదిలేసి, మెడ నిటారుగా పెట్టి అలాగే నిలబడ్డాను. కాసేపటికి అతనికి అనుమానం వచ్చింది.

"ఏం సార్, ఎవురన్నా వస్తాండారా?"

అప్పుడు గానీ నాకు తెలియలేదు, వెనక నుంచి ఎవరో వచ్చి లాగుతారని నేను ఎదురుచూస్తున్నానని. కొంచెం సిగ్గుపడి, ఒక్కసారి వెనకవైపు అంచు పట్టుకుని పైకి లాగి చూడమని అతన్నే అడిగాను.

"లాగితే పట్టీ తెగుతాది సార్. తెగితే నేను వాపసు తీసుకోను" అన్నాడు, చాలా నిజాయితీగా.

మా బావ ఉండి ఈ మాట విని ఉంటే ఆ టార్పాలిన్ మీదే పడి నవ్వేవాడు.

బావ అంటే మా అక్క భర్త. మదనపల్లెలో టమాటా మండీ నడిపేవాడు. నేను పుంగనూరులో సర్వే ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగంలో చేరి, అక్కడే తల నెరిసి, అక్కడే రిటైరైనవాణ్ణి. పెళ్లి చేసుకోలేదు. దానికి ఫలానా కారణమని చెప్పడానికి కూడా లేదు. ఒక్కొక్క ఏడాదీ వాయిదా పడుతూ పోయి, చివరికి ఆ ఊసెత్తడం అందరూ మానేశారు. వారమంతా మెస్సు భోజనం, సాయంత్రం నడక, పడుకునే ముందు డైరీలో నాలుగు ముక్కలు. ఆదివారం మాత్రం తొలి బస్సుకు మదనపల్లె పోయి అక్క చేతి రాగిముద్ద తిని, బావ చెప్పే కబుర్లు వింటూ పొద్దుపుచ్చి వచ్చేవాణ్ణి. నా బతుకులో మాట, నవ్వు, తిట్టు అన్నీ ఆ ఒక్క రోజులోనే ఉండేవి.

బావకు కార్ల పిచ్చి. వయసులో టమాటా వ్యాను ఎక్కి రాత్రికి రాత్రి మద్రాసు చేరిన చేతులు మండీ గల్లా ముందు ఊరకుండేవి కావు. ముప్పై ఏళ్ల కిందటి మాట. బెంగుళూరు నుంచి ఆయనలాంటి వాళ్లే కొందరు వచ్చి, కుప్పం దాటాక శాంతిపురం వైపు ఒక బీడు భూమిని బాడుగకు తీసుకుని, ఏడాదికి ఒకసారి సున్నంతో గీతలు గీసి కారు పందెం పెట్టేవారు. ఒక్కో కారునే దుమ్ములోకి వదిలి, ఎంత వేగంగా చుట్టి వస్తుందో గడియారం పట్టి చూడటమే ఆట. డాక్టర్లు, గ్రానైటు వ్యాపారులు, మా బావలాంటి మండీవాళ్లు, అందరూ సరదా మనుషులే గానీ ఎవరూ పందెం కోసం పుట్టినవాళ్లు కారు. బావ ఒక పాత ఫియట్ కొని, లోపల ఇనుప గొట్టాలతో గూడులాగా బిగించి, ఇక మిగిలింది హెల్మెట్టేనని నన్ను బెంగుళూరుకు వెంటబెట్టుకు పోయాడు. అన్నీ కొలిచి చూసే అలవాటున్న మనిషి పక్కన ఉంటే మంచిదని ఆయన నమ్మకం.

అక్కడ జె.సి. రోడ్డు సందులో హెల్మెట్లు అమ్మే ఆ దుకాణం చాలా ఇరుకు. దుకాణదారు వయసులో తానూ కారు పందేలు ఆడిన మనిషి; కన్నడం కలిసిన తెలుగులో తీరిగ్గా మాట్లాడేవాడు. మోటారు సైకిలు హెల్మెట్ చాలదా, దానికీ దీనికీ తేడా ఏమిటని నేను అడిగితే, కారులో తల ఒక్కసారి కాదు, అదే ఇనుప గొట్టానికి మళ్లీ మళ్లీ తగులుతుందని, పైగా మంట అంటుకునే భయం ఉంటుంది కాబట్టి లోపలి గుడ్డ సులువుగా కాలనిదై ఉండాలని చెప్పాడు. ఎవరో వాడినది చవకగా వస్తుంది కదా అని కొనకూడదన్నాడు. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి కొత్తదానిలాగే మెరుస్తున్నా, లోపలి మెత్త చచ్చిపోయి ఉంటుందట. ఇవన్నీ నేను శ్రద్ధగా రాసుకున్నాను. బావకు మాత్రం ఒకటే పట్టు, ముఖం తెరిచి ఉన్నదే కావాలని. ఎందుకంటే ఆయన ఎడమ బుగ్గలో ఎప్పుడూ వక్కాకు ఉండాలి, మరి ఉమ్మడం ఎట్లా?

"స్వల్ప ఆగప్పా" అన్నాడు దుకాణదారు. "కారు తిరగబడితే దవడ కావల్లనా, వక్కాకు కావల్లనా?"

బావ చాలాసేపు ఆలోచించాడు. ఆ ఆలోచన చూసి నాకు భయమేసింది. చివరికి బయటికి పోయి ఉమ్మి వచ్చి, ముఖం మూసి ఉండే హెల్మెట్టే పెట్టుకున్నాడు. నేను టేపు తీసి కనుబొమలకు కాస్త పైగా, చెవుల మీదుగా తల చుట్టూ కొలిచాను. బావది దట్టమైన ఉంగరాల జుట్టు. టేపు దాని మీదనే పోయింది. బుగ్గలు రెండు వైపులా నొక్కుకుపోయి, మూతి ముందుకు పొడుచుకు వస్తే, అదే సరైన సైజన్నాడు దుకాణదారు. ఆ తర్వాత బావను స్టూలు మీద కూర్చోబెట్టి, నన్ను వెనక నిలబెట్టాడు.

"ఇప్పుడు వెనకాల అంచు పట్టుకొని పైకి లాగప్పా. గట్టిగా లాగల్ల. ఊడి వస్తే అది టోపీ, హెల్మెట్ కాదు."

తానే లాక్కుని చూసుకుంటానన్నాడు బావ.

"నీది నువ్వు లాక్కుంటే లెక్క లేదప్పా. నీ చెయ్యి యాడికి లాగతాదో నీ మెడకు ముందే తెలిసిపోతాది. ఇంగొకరే లాగల్ల."

నేను లాగాను. బావ తల నా పొట్టకు ఆనుకుంది గానీ హెల్మెట్ కదల్లేదు. పుట్టి బుద్ధెరిగాక ఒక మనిషి తలను రెండు చేతులతో పట్టుకోవడం నాకు అదే మొదటిసారి అనుకుంటాను.

ఇక మిగిలింది అక్క అనుమతి. ఆమె రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడక, మూడోరోజు నాతో తేల్చి చెప్పింది: "కారు ఆయప్పది, పానం నాది. తిరుమలకు పోయి స్వామికి గుండు ఇచ్చినాంకనే ఆ బండెక్కల్ల. లేకుంటే తాళం చెవి బాయిలో ఏస్తా." బావకు ఆ జుట్టంటే ప్రాణం. అయినా ఒప్పుకున్నాడు. హెల్మెట్‌ను అక్క దేవుడి గూట్లో పెట్టి, నుదుటి చోట కుంకుమ బొట్టు పెట్టి, పసుపు దారం కట్టింది. తిరుమల నుంచి వచ్చాక ఒకసారి పెట్టి చూద్దామని బావ చెయ్యి చాపితే కసురుకుంది. "పూజ సేసినదాన్ని ఊరికే నెత్తిన పెట్టుకుంటారా ఎవురన్నా? పందెం కాడికి పోయి ఆన్నే పెట్టుకో."

పందెం రోజు తెల్లవారగానే ముగ్గురం కుప్పం చేరాం. పందానికి దిగే ముందు ప్రతి మనిషి బెల్టూ, హెల్మెట్టూ తనిఖీ చేసే పెద్దాయన ఒకరుండేవారు. వరసలో మా వంతు వచ్చింది. బావ నున్నని గుండుకు చందనం రాసుకుని, దాని మీద హెల్మెట్ పెట్టి పట్టీ బిగించాడు. పెద్దాయన ముందు రెండు చేతులతో పట్టుకుని పక్కకు తిప్పాడు. హెల్మెట్ తిరిగింది, తల తిరగలేదు. కళ్లుండాల్సిన కిటికీలోంచి బావ చెవి కనిపించింది. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. అందరికంటే ముందు నవ్వింది మా అక్కే; ఆ వెంటనే సంగతి అర్థమై కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బావ నవ్వలేదు. పట్టీ ఇంకా బిగిస్తే సరిపోతుందని బతిమాలి బిగించుకున్నాడు. ఎవరో లోపల తువాల చుట్టమన్నారు గానీ పెద్దాయన ఒప్పుకోలేదు. చివరికి ఆయన నా వైపు తిరిగి, నువ్వు ఈయన మనిషివే కదా, నువ్వే వెనక నుంచి లాగి చూపించు, నిలిస్తే పంపిస్తాను అన్నారు. నేను వెనక్కి పోయి అంచు పట్టుకున్నాను. బావ గడ్డాన్ని రొమ్ముకు నొక్కిపెట్టి, మెడ బిగబట్టి, నాకు మాత్రమే వినబడేటట్టు అన్నాడు:

"మెల్లిగా బామ్మర్దీ."

అంతకు ముందు ఏడాదంతా ఆయన ఆ బీడు గురించే మాట్లాడుతూ వచ్చాడు. మండీలో ధర పడిపోయిన రోజు కూడా దాని గురించే మాట్లాడాడు. పక్కన అక్క నిలబడి ఉంది. నేను దుకాణంలో లాగినంత గట్టిగానే లాగాను. సబ్బు చేతిలోంచి జారినట్టు హెల్మెట్ మొత్తం నా చేతుల్లోకి వచ్చేసింది, లోపల చందనం అంటుకుని.

 తిరుగు దారిలో పుంగనూరు వచ్చాక మా వీధి మొగన కారు ఆపి, నేను దిగుతుంటే, ముందుకు చూస్తూనే అన్నాడు బావ: "యాలప్పా అంత గట్టిగా లాగితివి? నీ సొమ్మేం పోయె?" కాఫీకి కూడా దిగలేదు. అక్క వెనక సీట్లోంచి నన్ను చూసింది.

ఆ తర్వాత ఆదివారాలు నేను మదనపల్లె పోలేదు. పోవద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు. అలవాటు చొప్పున పొద్దున్నే తయారై బస్టాండు దాకా నడిచి, మదనపల్లె బస్సు నిండి కదిలిపోయేదాకా చూసి, పేపరు ఒకటి కొనుక్కుని గదికి వచ్చేవాణ్ణి. మధ్యాహ్నం మెస్సు మూసి ఉండేది కాబట్టి అరటిపళ్లు తినేవాణ్ణి. ఆ నెలల డైరీల్లో ఆదివారం పేజీకి ఒకే మాట ఉంటుంది: పోలేదు. చేసినది తప్పని నాకు ఒక్కనాడూ అనిపించలేదు. అనిపించి ఉంటే పోయి క్షమించమని అడిగేవాణ్ణి, అంతటితో అయిపోయేది. సరైన పని చేసి ఒంటరైనవాడికి ఆ దారి కూడా ఉండదు.

ఎండాకాలం పోయి వానలు పడ్డాక ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వీధిలో టమాటా వ్యాను నిలబడి ఉంది. మా గది మెట్టు మీద బావ కూర్చుని ఉన్నాడు. జుట్టు మళ్లీ ఉంగరాలు తిరిగింది. ఒళ్లో హెల్మెట్, దాని మీద అక్క పెట్టిన బొట్టు. నన్ను చూసి పలకరించకుండానే దాన్ని తలకు తగిలించి, పట్టీ బిగించి, వీపు నా వైపు తిప్పాడు.

"లాగు."

"గట్టిగానా?"

"నీకు సేతనయినంత లాగు, సూస్తాం."

ఆ నెలల దిగులంతా కూడగట్టుకుని లాగాను. హెల్మెట్ రాలేదు, మనిషే మెట్టు మీది నుంచి వెల్లకిలా నా కాళ్ల మీద పడ్డాడు. అలా పడుకునే, మూసుకున్న హెల్మెట్ లోపల నవ్వుతున్నాడు. బానలోంచి వచ్చినట్టు వినబడింది ఆ నవ్వు. లేచి దుమ్ము దులుపుకుని, "మీ అక్క స్వామితో మాట్లాడుకొనిందిలే. ఈ తూరి పందెం ఆడి తిరిగొచ్చినాంక ఇప్పిస్తుందంట నా గుండు" అని, బుగ్గలో వక్కాకు పెట్టుకుని, "ఏమప్పా, నాకు ఆకలయితా ఉండాది, అన్నం పెడతావా, హోటలుకు పోదామా?" అన్నాడు.

మరుసటి ఏడాది కుప్పంలో బావ పందెం ఆడాడు. చివరి నుంచి లెక్కపెడితే తొందరగా కనబడే స్థానం వచ్చింది. దిగి హెల్మెట్ తీసేసరికి బుగ్గల మీద మెత్తల అచ్చులు ఎర్రగా పడి, పసిపిల్లవాడిలా ఉన్నాడు. అక్క ఆ అచ్చులను కొంగుతో తుడవబోయింది, అవి చెమటేమో అనుకుని. ఆ తర్వాత కూడా కొన్నేళ్లు ఆడాడు. ప్రతిసారీ ఆయన ముందు కూర్చోవడం, నేను వెనక నిలబడి లాగడం. తర్వాత ఆ బీడులో గ్రానైటు రాళ్లు దించడం మొదలుపెట్టారు, బావకు మోకాళ్లు పట్టేశాయి, పందెం ఆగిపోయింది. అక్క ముందు పోయింది. బావ మరికొంత కాలం ఉండి, హెల్మెట్‌తో పనిలేని ఏదో జబ్బుతో పోయాడు. ఆ హెల్మెట్ ఇప్పుడు నా బీరువా మీద ఉంది. దించితే లోపలి మెత్త పొడిలాగా రాలుతుంది కాబట్టి దించను.

ఈ కాలంలో మంచి వస్తువులు దొరకవని అనను. మెస్సు కూడా లేదిప్పుడు, భోజనమే ఫోనులో చెబితే ఇంటికి వస్తోంది. మా పక్కింటి వాళ్లు హెల్మెట్ కూడా అట్లాగే తెప్పించుకున్నారు; ఎక్కడ కొలవాలో, ఏ సైజు తీసుకోవాలో బొమ్మలతో సహా ఉందట. మా కాలంలో ఏ చిన్న వస్తువు కొనాలన్నా పక్కన ఒక మనిషి కావలసి వచ్చేది. చెప్పులు కొంటే నడిచి చూపించమనడానికి, గుడ్డ కొంటే వెలుతురులో పట్టుకోవడానికి ఒకరు ఉండేవారు. ఇప్పుడు ఎవరికీ ఎవరినీ వెంటబెట్టుకు పోవలసిన అవసరం లేదు. సుఖమే. కాదనను.

మొన్న ఆ రోడ్డు పక్కది కొనుక్కునే వచ్చాను. ఇంటికి వచ్చి తలుపు దగ్గరగా వేసి, అద్దం ముందు నిలబడి పెట్టుకుని, పట్టీ బిగించి, చేతులు వెనక్కి పోనిచ్చి అంచు పట్టుకుని లాగాను. దుకాణదారు చెప్పింది నిజమే, చెయ్యి కదలకముందే మెడకు తెలిసిపోయింది. రెండోసారి మరిచిపోయినట్టు నటించి, అటు చూస్తూ హఠాత్తుగా లాగాను. అప్పుడూ తెలిసిపోయింది. కాసేపు దాన్ని అలాగే పెట్టుకుని మంచం మీద కూర్చున్నాను. లోపల నా ఊపిరి తప్ప వేరే చప్పుడు లేదు.

తీసి పక్కన పెట్టి డైరీ రాసుకున్నాను. హెల్మెట్ కొన్నాను. సరిపోయిందో లేదో తెలియలేదు.