బోరింగు కాడ మా బాపు రాసిన బుగ్గల అక్షరాలు

మేం చిన్నగున్నప్పుడు... మర్రిగూడ దిక్కు మా ఊరి బడి ముంగట బోరింగు కొడ్తుంటె కిర్రు కిర్రుమని సప్పుడొచ్చేది. గా నీళ్లు తాగి తాగే మా అవ్వ పండ్లు గారపట్టి, మోకాళ్లు వంకరబోయినయి. ఫ్లోరైడు నీళ్లు మరి!

తెలంగాణ వచ్చినంక బడి పక్కకే మంచినీళ్ల నల్లా పడ్డది. అయితే ఏంది... పోరగాండ్లు నల్లాను ఇడిసిపెట్టి బోరింగు కాడికే ఉరుకుతుండె. మా తమ్ముడైతె అందరికంటె ముందు! బోరింగు కొట్టుడు, నీళ్లు సల్లుకునుడు, కడుపునిండ తాగుడు... గదే వాళ్ల ఆట.

మా బాపు బోర్డులు రాసేటోడు. ఆయన రాస్తె ఒక్కొక్క అక్షరం జాతరల ఊదిన గాలిబుగ్గ లెక్క ఉండేది... లావుగ, గుండ్రంగ, ఇప్పుడే ఎగిరి దుంకుతదా అన్నట్టు. కిరాణం కొట్టుకు, సోడాబండికి, పెండ్లింటి గోడకు అందరు మా బాపునే పిలిచేటోళ్లు.

ఒకనాడు అవ్వ తన కొడుకును... అదే మా బాపును పట్టుకున్నది. "నా కాళ్లు సూస్తున్నవ్ గదరా... గా పొల్లగాని కాళ్లన్న సక్కగుండనీ. బోరింగు కాడ ఏదన్న రాయి" అన్నది.

బాపు బోరింగు ఎనక గోడకు సున్నమేసి, ఎరుపు, పసుపు రంగులల్ల మస్తు సోకుగ రాసిండు... 'ఈ నీళ్లు తాగొద్దు' అని. ఊరంత మెచ్చుకున్నది. నేనైతె తలకాయ ఎత్తుకోని తిరిగిన.

తెల్లారి సూస్తె ఏముంది! పోరగాండ్లంత బోరింగు కాడనే... అక్షరాల మీద ఏళ్లు తిప్పుకుంట ఒకటే మురుసుడు. తమ్ముడు దోసిలి పట్టి తాగుతనే ఉన్నడు.

అవ్వ నెత్తి కొట్టుకున్నది. "పెండ్లికి పిలిసినట్టు రాస్తివి గదరా! పోరలు రాకుంటె ఏం జేస్తరు?"

గా మాటకు బాపుకే నవ్వొచ్చింది. బోరింగు కాడి రాతంత తుడిసి, నల్లరంగుతోని సన్నగ, బిర్రుగ మళ్ల రాసిండు. సూస్తెనే దూరం జరగాలనిపించేది. బుగ్గల అక్షరాలను తెచ్చి నల్లా గోడకు పెట్టిండు... 'రాండ్రి, తాగుండ్రి!' అక్షరాలకు కండ్లు, మూతి గూడ దిద్దిండు.

ఇగ జూడుండ్రి... బోరింగు కాడ పురుగు గూడ లేదు, నల్లా కాడ లైను! తమ్ముడు ముందుగాల్ల నిలబడి గా అక్షరాలను గట్టిగ సదివి అందరికి ఇనిపిస్తుండె. అవ్వ గడపల కూసోని సూసి కండ్లు తుడుసుకున్నది.

ఇప్పుడు నేను షాద్‌నగర్ల ఫ్లెక్సీ డిజైన్లు చేస్త. దవాఖాన బోర్డుకు ఎవరన్న గసొంటి అక్షరాలు అడిగితె మొఖం మీదనే ఒద్దంట. గవి బడి గోడకు, ఐస్‌క్రీం బండికి, పొల్లగాండ్ల పుట్టిన్రోజుకు సారూ అంట. నీకెవరు చెప్పిండ్రంటె... మా బాపు అని అంగి గల్లా ఎగరేసి చెప్త.

కంప్యూటర్ల ఒక్క నొక్కుడుకు అక్షరం వస్తది గని... గా రంగు వాసన ఏడికెల్లి వస్తది? నల్లా గోడ కూలగొట్టిండ్రు. అవ్వ గూడ లేదు.

మీ ఊరి గోడల మీద ఎవరి రాత యాదికున్నదో జర చెప్పుండ్రి... నాకైతె గోడ లేకున్న ఫికర్ లేదు. తమ్ముడు సక్కటి కాళ్లతోని ఉరికొచ్చి, తెల్లటి పండ్లతోని పకపక నవ్వినప్పుడల్ల... మా బాపు రాతనే సదువుకుంట.