యాపచెట్టు పలక

లీదియా ఎడమ అరచేతిని పలక కింద ఆనించి, కుడిచేతిలోని ఇసుక అద్దిన తడిగుడ్డతో అంచును రుద్దుతోంది. కాసేపు రుద్ది బొటనవేలితో తడిమి చూస్తుంది. వేలికి గరుకు తగిలితే మళ్ళీ అక్కడికే పోతుంది. కాలేజీ సైకిల్ స్టాండు నీడలో గోనెసంచి పరుచుకుని కూర్చుంది. పక్కన నీళ్ళ డబ్బా, తెల్ల రంగు డబ్బా, సన్న కుంచె. తీగ దూర్చి చెట్టుకు కట్టడానికి పలక పైభాగంలో రెండు బెజ్జాలున్నాయి. అవి వాళ్ళ నాయన కరుణాకరం వేసిచ్చినవి.

అంచు నున్నబడ్డాక పలకను రెండు చేతులా ఎత్తి తోటి విద్యార్థిని యేసుమణికి అందించింది. యేసుమణి పట్టుకుని లాగింది. పలక కదల్లేదు.

"వదులు లీదియక్కా!"

"పట్టినా అను."

"అయ్యో, మరిచిపోయినా. పట్టినా తల్లీ, పట్టినా!"

అప్పుడు వదిలింది.

మార్కాపురం పలకల షెడ్డులో అది కట్టుబాటు. రాయి ఎంత గట్టిదైనా పలకగా చీల్చాక కిందపడితే రెండు ముక్కలే. అందుకే పలక చేతులు మారేటప్పుడు తీసుకునే మనిషి 'పట్టినా' అనాలి. ఆ మాట చెవిన పడేదాకా ఇచ్చే మనిషి వదలకూడదు. లీదియా చిన్నప్పటి నుంచి నాయన వెంట షెడ్డుకు పోయి నేర్చుకున్న మొదటి సంగతి అదే. ఒకసారి నేర్చుకున్నదాన్ని ఆమె మార్చదు.

నేర్చుకోవడానికే టైము పడుతుంది. డాక్టర్లు మేధో వైకల్యం అన్నారు. వాళ్ళ ఊరు పెద్దారవీడులో మాత్రం 'నిదానం పిల్ల' అనేవాళ్ళు. బడిలో ఎనిమిదో తరగతి దాకా చివరి వరసలో కూర్చోబెట్టి, తరవాత ఇంటికి పంపారు. ఒకేసారి రెండు పనులు చెబితే రెండూ చిక్కుపడిపోతాయి. ఏదైనా అడిగితే "ఇది గూడా తెలీదా?" అని నవ్వుతారని అడగడం ఎప్పుడో మానేసింది. బడి వదిలాక షెడ్డులో పలకలు పగలకుండా మధ్య మధ్య గడ్డి సర్దే పని చేసింది.

పలకల కోసమని ఒకరోజు షెడ్డుకు వచ్చిన వృక్షశాస్త్రం లెక్చరర్ వసుంధర ఆమెను చూసింది. అరిగిపోయిన అచ్చు చూసి లీదియా ఒక గుండ్రటి అక్షరాన్ని నేల మీద గీస్తోంది. అచ్చుకూ ఆమె గీతకూ తేడా లేదు. వసుంధర ప్రిన్సిపల్ రాధాకృష్ణమూర్తి గారితో చాలాసార్లు మాట్లాడి, లీదియాను తన క్లాసులో కూర్చోబెట్టుకునేందుకు ఒప్పించింది. డిగ్రీ పట్టా ఇవ్వరు, పరీక్ష ఉండదు. అందరితో పాటు క్లాసు, అందరితో పాటు ల్యాబు. అందరిలాగే టర్ము చివర ఒక పని చేసి చూపించాలి.

"పని సక్రమంగా వస్తే వచ్చే టర్ము కూడా రానిద్దాం. లేకపోతే ఆ అమ్మాయిని ఇబ్బంది పెట్టొద్దు మేడమ్," అన్నాడాయన. లీదియా అప్పుడు తలుపు పక్కనే ఉంది. ఆ మాట చెవిలో ముల్లులా ఉండిపోయింది.

ల్యాబులో ఆకును భూతద్దం కింద పెడితే దారాల్లాంటి ఈనెలు కనిపిస్తాయి. బెంచీ మీద యేసుమణి పక్కన తనకంటూ ఒక చోటుంది. మధ్యాహ్నం అందరూ గిన్నెలు తెరిస్తే తన గిన్నెలోనూ ఎవరో ఒకరు చెయ్యి పెడతారు. షెడ్డు గడ్డిలో ఇవేవీ లేవు.

ఈసారి క్లాసు పని కాలేజీ ఆవరణలోని చెట్లకు పేరు పలకలు కట్టడం. చెట్టును గుర్తుపట్టేది కొందరు, తీగలు కట్టేది కొందరు. పేరు రాసేది లీదియా. యేసుమణి పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసిస్తుంది, లీదియా దాన్ని చూసి పలక మీదికి ఎక్కిస్తుంది. చూడకుండా ఒక్క మాటా రాసెరగదు. కానుగ, రావి, బాదం, నేరేడు అన్నీ అట్లే అయ్యాయి. ఇంకొక్కటే మిగిలింది.

"అది గేటు కాడి చెట్టుది. రేపు రాసిస్తాలే," అని యేసుమణి వెళ్ళిపోయింది.

మర్నాడు శుక్రవారం ఆమె రాలేదు. వాళ్ళమ్మకు జ్వరమని గిద్దలూరు పోయింది. శనివారం మధ్యాహ్నం ప్రిన్సిపల్ పలకలు చూస్తాడు.

లీదియా ఖాళీ పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాగితం లేదు. వసుంధర మేడమ్ వేరే క్లాసులో ఉంది. దేవరాజును అడగొచ్చు. అర్ధవీడు నుంచి క్లాసుకు వచ్చే దేవరాజు చెడ్డవాడు కాదు, కానీ నోరు ఊరుకోదు. రెండుసార్లు అతని దగ్గరిదాకా పోయి, అడక్కుండానే తిరిగొచ్చింది.

చివరికి గేటు దగ్గరికి పోయి చెట్టును చూసింది. చెట్టు తెలియకపోవడమేముంది? పొద్దున్నే పళ్ళు తోముకునే చెట్టు. యాపచెట్టు.

యా. ఆ అక్షరం తనకు తెలుసు. తాత యాకోబు సమాధి మీద నాయన చెక్కిన పలకలో మొదటి అక్షరం అదే. చిన్నప్పుడు ఆ గాడిలో వేలు పెట్టి ఎన్నిసార్లు తిప్పిందో! ప కూడా తెలుసు. పలక అనే మాటలో మొదటిది.

కుంచె ముంచింది.

శనివారం పొద్దున ఆ పలకను మొదట చూసింది దేవరాజే.

"ఒరేయ్, ఇట్ల రాండిరా! యాప అంట! రేపు చింతచెట్టుకు సింత అని రాస్తుందేమో!"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. అక్షరాలు బాగానే ఉన్నాయి కదా, ఎందుకు నవ్వుతున్నారో లీదియాకు అర్థం కాలేదు. బడిలో కూడా ఇట్లనే మొదలయ్యేది. ముందు నవ్వు, తరవాత ఇంటికి పంపడం.

వసుంధర వచ్చింది. పలక చూసి, మళ్ళీ దగ్గరికి తీసుకుని చూసింది.

"ఇది ఎవరి కాగితం చూసి రాసినావు లీదియా?"

లీదియా తలొంచుకుంది. కాగితం లేకుండా రాయడమే తప్పనుకుంది. "కాగితం లేదు మేడమ్. యేసుమణి రాలా. నేనే రాసినా. ఇంక రాయను మేడమ్."

వసుంధర అక్షరాల మీద వేలు నడిపించింది. ఆ కాసేపట్లో లీదియాకు షెడ్డూ, గడ్డీ, చివరి వరసా అన్నీ కళ్ళ ముందు తిరిగాయి.

"చూడకుండానే రాసినావా?"

"చెట్టును చూసినా మేడమ్."

దేవరాజు నవ్వు ఆగిపోయింది. "అంటే... సొంతంగా రాసిందా?" అన్నాడు. కాసేపు తల గోక్కుని, "మా ఇంట్లో గూడా యాపనే అంటాం మేడమ్. వేప అంటే మా ముసిలి జేజి ఏం చెట్టురా అది అంటాది," అన్నాడు.

"మరి ఇందాక నవ్వితివే?" అంది వసుంధర.

"పలక మీద చూస్తే నవ్వొచ్చింది మేడమ్. నోటితో అంటే రాదు."

వసుంధర లీదియా పక్కన గోనెసంచి మీదే కూర్చుంది. "చూడు లీదియా. పుస్తకంలో ఈ చెట్టు పేరు వేప. ప్రిన్సిపల్ గారు అది లేకపోతే ఒప్పుకోరు. ఊరి పేరు దాని కింద రాసే పద్ధతి కూడా ఉంది. పైన వేప, కింద యాప. పైది కాగితం చూసి రాయి. కిందది నిన్న రాసినట్టే రాయి. దేవరాజు రాస్తాడా, నువ్వు రాస్తావా?"

"నేనే."

అక్షరాలు పలక మధ్యలో పెద్దగా ఉన్నాయి. పైన చోటు లేదు. రంగు మొత్తం తీసి మళ్ళీ నున్న చేస్తేనే కుదురుతుంది. దానికి కిరసనాయిలు షెడ్డులోనే ఉంది. దేవరాజు బండి తీశాడు. కాగితం మీద 'వేప' అని రాసి లీదియా చేతికిచ్చి, ఆమెను షెడ్డు దగ్గర దింపి బయటే ఆగాడు.

కరుణాకరం సంగతంతా విన్నాడు. చేతులు తుడుచుకుని, రంగు మీద కిరసనాయిలు పోసి గీకడం మొదలుపెట్టాడు. లీదియా పలకను తన వైపు లాక్కుంది.

"నాయనా, నాది."

"టైము లేదు పాపా. నేను గీకుతా, నేనే రాస్తా. ఎవరికి తెలుస్తాది? నా రాత నీ రాత ఒకటే గదా. సార్ వద్దన్నాడంటే మళ్ళా ఈ గడ్డిలోకే గదా నువ్వు వచ్చేది." కూతురి కన్నా అతనికే ఎక్కువ భయంగా ఉంది.

నాయన రాస్తే బాగుంటుంది. లీదియాకు అది తెలుసు. కుంచె అతని చేతికిచ్చేసి పక్కన కూర్చుంటే చాలు. అట్ల అనుకోగానే ఒళ్ళు తేలికయింది. ఆ వెంటనే ఇంకోటి గుర్తొచ్చి మళ్ళీ బరువెక్కింది.

"మేడమ్ అడుగుతాది నాయనా, ఎవరు రాసినారని."

"'నేనే రాసినా' అని చెప్పు. నువ్వే రాసినావని."

"నోరు రాదు నాయనా."

కరుణాకరం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రంగు డబ్బా తీసి అందులో టర్పెంటైన్ కొంచెం ఎక్కువ కలిపాడు. "పల్చగా ఉంటే తొందరగా ఆరతాది. ఇది కలిపేది మాత్రం నాది," అన్నాడు.

లీదియా గీకింది, ఇసుకతో రుద్దింది, కడిగింది. బొటనవేలితో తడిమింది. కాగితం చూసి పైన 'వేప' రాసింది. అది తప్పు పోదు, చూసి రాసేది ఎప్పుడూ తప్పు పోదు.

ఇక కిందది. కుంచె పలక మీదికి పోయి ఆగిపోయింది. నిన్న చెయ్యి దానంతటదే పోయింది. ఇప్పుడు యా ఎటు తిరుగుతుంది? ముందు కిందికా, పక్కకా? నవ్వులు చెవిలో మోగుతున్నాయి. కుంచె చివర రంగు బొట్టు కట్టి జారబోతోంది. పడితే పైన రాసింది కూడా పోతుంది. కుంచెను డబ్బా అంచున ఆనించింది.

చూపుడువేలు నీళ్ళలో ముంచింది. పలక కింది భాగంలో, తాత సమాధి మీది గాడిలో తిప్పినట్టు, వేలు తిప్పింది. తడి గీత మెరిసి, రాయి వేడికి చూస్తుండగానే ఆరిపోయింది. మళ్ళీ ముంచి తిప్పింది. ఈసారి వేలు తడబడలేదు. తడి ఆరేలోపే కుంచె తీసుకుని ఆ గీత మీదే నడిపింది. యా. పక్కన ప.

కరుణాకరం రంగు డబ్బాకు మూత పెట్టాడు. అప్పటిదాకా దాన్ని చేతిలోనే పట్టుకుని ఉన్నాడు.

పలకను ఎండకు పెట్టారు. అంతలో నల్లమల వైపు నుంచి ఒక మబ్బు లేచి ఎండను కప్పేసింది. తండ్రీ కూతుళ్ళు దాన్నే చూస్తూ కూర్చున్నారు. బయట దేవరాజు బండి హారన్ కొట్టాడు, ఆపాడు, మళ్ళీ కొట్టాడు. మబ్బు పోయింది. అక్షరం మూలన వేలు తాకించి చూస్తే రంగు అంటలేదు. అయినా లీదియా బండి మీద పలకను ఒంటికి తగలనీయకుండా దూరంగా ఎత్తి పట్టుకునే పోయింది. కాలేజీ గేటు వచ్చేసరికి చేతులు తిమ్మిరెక్కాయి.

ప్రిన్సిపల్ అప్పటికే గేటు దగ్గరున్నాడు. మిగతా చెట్లన్నీ చూసి వచ్చాడు. వసుంధర ఆయన పక్కన నిలబడి ఉంది. లీదియా పలకను ఆయన ముందుకు చాచింది.

ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివాడు. "పైన వేప. సరే. కింద ఇదేంది?"

లీదియా వసుంధర వైపు చూసింది. మేడమ్ చెప్పలేదు. తానే చెప్పాలి.

"యాప సార్. మేం అట్లనే అంటాం."

"ఎవరు రాసిచ్చినారు నీకు?"

"పైది దేవరాజు కాగితం. కిందది నేనే."

ఆయన ఇంకోసారి చదివాడు. పెదవులు కదిలాయి, లోపల్లోపల ఆ మాట అనుకున్నట్టు. వెనక్కి తిరిగి రావిని, నేరేడును చూశాడు.

"మరి వాటికి ఊరి పేర్లు లేవే మేడమ్?"

"ఈ టర్ములో కుదరలేదు సార్," అంది వసుంధర.

"అయితే వచ్చే టర్ములో రాయించండి. ఈ అమ్మాయి చేతనే." అని పలక తీసుకోవడానికి చెయ్యి చాచాడు.

పట్టుకుని లాగాడు. పలక కదల్లేదు. మళ్ళీ లాగాడు. లీదియా రెండు చేతులూ బిగించే ఉన్నాయి.

"ఇవ్వమ్మా," అన్నాడు.

"పట్టినా అనాల సార్."

దేవరాజు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. ప్రిన్సిపల్ ఒకసారి ఆమెను, ఒకసారి పలకను చూశాడు. రెండో చెయ్యి కూడా పలక కింద పెట్టాడు.

"పట్టినానమ్మా."

లీదియా వదిలింది.