పాట సన్నబడే చోట

టలీడో ఊళ్ళో శనివారం పొద్దున వచ్చే ఆ రేడియో కార్యక్రమానికి ‘సిగ్గుపడే పాటలు’ అని పేరు పెట్టింది ట్రెంట్. ఆ పేరు నోరీన్‌కి మొదటిరోజు నుంచీ గొంతులో ముల్లే. నడిపేది ఇద్దరూ కలిసి; పాటలు ఆమెవి, జోకులు అతనివి. బడి క్యాంటీన్‌లో వంట చేసి రిటైరైన నోరీన్ గరాజులో, 1970ల్లో ఒక్క రికార్డు చేసి మాయమైపోయిన బృందాల పాటలు అట్టపెట్టెల నిండా ఉన్నాయి.

"నేనేం దొంగసారా కాస్తున్నానా సిగ్గుపడటానికి?" అందామె ఒకసారి.

"అయ్యో నోరీన్, ఆ మాట మైకులో అనాల్సింది! జనం పొట్టలు పట్టుకునేవాళ్ళు," అన్నాడు ట్రెంట్.

ఈ శనివారం మాత్రం నవ్వులు కుదరవు. ఆమె తెచ్చిన పాట ‘నీ కోటు ఇక్కడే ఉంది’. మగవాడొక్కడే పాడతాడు. చివర్లో సంగీతం సన్నబడిపోతుంటే, ఎక్కడినుంచో ఓ ఆడగొంతు వచ్చి కలుస్తుంది. రికార్డు అట్ట మీద ఆ గాయని పేరు లేదు. అసలా గొంతే లేదంటుంది నోరీన్ అక్క బెవ్. చిన్నప్పుడు ఇద్దరిదీ ఒకే గది, ఒకే రికార్డు ప్లేయరు.

"ఆ గొంతు నీదే. చివర్లో నువ్వే పాట అందుకునేదానివి," అంటుంది బెవ్, ఏళ్ళు గడిచినా మాట మార్చకుండా. నోరీన్ ఆ రికార్డు ఫోన్లో వినిపిస్తే, "ఇదిగో, మళ్ళీ నువ్వే," అని పెట్టేస్తుంది.

రేడియోలో వస్తే కాదనడానికి వీలుండదు కదా. అక్కడ ఫోర్ట్ వేన్ ఊళ్ళో బెవ్ వినడానికి కూర్చుంది.

కష్టమంతా ట్రెంట్‌తోనే. పాట సన్నబడటం మొదలవగానే అతనికి నోరు ఆగదు. పోయినసారీ, అంతకుముందూ అంతే.

"చివరిదాకా నోరు మూసుకుంటావా?"

"ఒట్టు. మా అమ్మ మీద."

"మీ అమ్మ మీద పోయినవారమే వేశావు."

రికార్డు మీద సూది పడింది. నోరీన్ కళ్ళు మూసుకుంది. చివరి చరణం అయ్యీ కాకుండానే పక్కన ట్రెంట్ ఊపిరి పీల్చిన చప్పుడైంది. ఆమె కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపి అతని మైకు మీట కిందికి లాగి ఆపేసింది. ట్రెంట్ ఆ సంగతి తెలియక, చచ్చిన మైకులో గుసగుసగా ఆ పాటగాడి మీసాల మీద ఏదో జోకు వేసుకుని, తనే నవ్వుకుని, అప్పుడు మీట చూసుకున్నాడు. మొహం మాడ్చుకున్నాడు.

పాట సన్నబడింది. ఆ గొంతు వచ్చింది. ఒక్క ముక్క తెగకుండా, పూర్తిగా వచ్చి, వెళ్ళిపోయింది.

ఫోన్ మోగింది.

"విన్నావా బెవ్? ఇప్పుడేమంటావు?"

"విన్నాను. ఆడగొంతు బాగానే వినపడింది," అంది బెవ్. "చివర్లో దగ్గింది కూడా. అది నీ దగ్గే."

నోరీన్ బల్లకేసి చూసింది. ట్రెంట్ మీట కిందికి ఉంది. తన మీట పైకే ఉంది.

"నేను పాడానా?" అంది ట్రెంట్‌తో.

"ఎప్పుడూ పాడతారుగా," అన్నాడతను. "అందుకే నేను మధ్యలో మాట్లాడేది."