అనుమానపు కుట్టు

కార్ల సీట్లు కుట్టి బతికే అతనికి కారంటే ఇంజను కాదు, కూర్చునే చోటు. అంతటి మనిషికీ ఒక్క బండి మీద మాత్రం పిచ్చి: తుక్కు కింద కొని, పెళ్లయిన కొత్తలోనే ప్రాణం పోసిన టాపు మడిచే ఎర్ర కారు. వాన పడితే గుడ్డ టాపు లాగేలోగా మొగుడూ పెళ్లామూ తడిసి ముద్దయ్యేవారు.

దాని సీటు మూలల్లో కుట్టిన చోటే మళ్లీ వెనక్కి కుట్టాడు. అదతని అలవాటు. "తలుపు గడియ రెండుసార్లు చూసే మనిషివి, దారాన్ని నమ్ముతావా!" అని భార్య దానికి అనుమానపు కుట్టని పేరు పెట్టింది.

ఇప్పుడామెకు మతిమరుపు జబ్బు. ఇంట్లో అతణ్ని ఎవరో అద్దెకొచ్చిన మనిషిలా చూస్తుంది. ఎర్ర కారెక్కి, మొహానికి గాలి తగిలితే మాత్రం, "ఏమయ్యా, ఇంకాస్త పోనియ్" అనేది. ఆ ఒక్క మాట కోసం రోజూ తిప్పేవాడు పాపం. ఒకరోజు నడుస్తున్న బండిలో ఆమె లేచి నిలబడింది. అతను గాభరాగా బ్రేకు తొక్కాడు. ఆమె నుదురు చిట్లింది.

"ఇక చాలు నాన్నా. అమ్మకి గాలి కాదు, బెల్టు కావాలి" అంది కూతురు, తన కొత్త సెడాన్ తాళాలు చేతిలో పెడుతూ.

సెడాన్‌కు వంక పెట్టడానికేమీ లేదు. చల్లగా ఉంటుంది, కుదుపుండదు, వెనక తలుపులు లోపలినుంచి తెరుచుకోవు. అందుకే ఆమెను వెనక కూర్చోబెట్టాడు. "డ్రైవర్ బాబూ, నెమ్మదిగా వెళ్లు" అందామె. అతనికి ఏడుపొచ్చింది.

ఇక చేతనైన పని ఒక్కటే మిగిలింది. ఎర్ర కారు సీటు తోలు విప్పి, సెడాన్ వెనక సీటుకు తొడిగి, మూలలు ఎప్పటిలాగే కుట్టాడు. బోడి స్ప్రింగులతో మిగిలిన ఎర్ర కారు వంక చూడలేకపోయాడు.

మర్నాడు ఆమెను ఎక్కించి ఇంజను స్టార్ట్ చేశాడు. ఆమె వేలు సీటు మూల తడుముతూ ఆగింది.

"అనుమానపు కుట్టు!"

అతను చటుక్కున వెనక్కి తిరిగాడు. ఎన్నాళ్లకో ఆమె మొహం వెలిగిపోతోంది.

"ఇది మా ఆయన కుట్టే. ఆయన ఇక్కడే ఎక్కడో ఉంటాడు. కాస్త ఆగు డ్రైవర్ బాబూ, ఆయన్ని కూడా ఎక్కించుకుందాం."

"అలాగేనమ్మా" అని అతను ఇంజను ఆపేశాడు.