ముప్పై ఆరు హద్దురాళ్ల మైదానం

కొత్త శతాబ్దం మొదలై రెండేళ్లయిన జూన్‌లో నన్ను మొయినాబాద్ మండలంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు పీఈటీగా, అంటే వ్యాయామ ఉపాధ్యాయుడిగా, బదిలీ చేశారు. బడి ఉద్యోగంతో పాటు నాకు ఇంకొక బాధ్యత ఉండేది. జిల్లా ఫుట్‌బాల్ లీగ్‌లో నేను మూడో తరగతి రిఫరీని. రిఫరీల్లో అది అట్టడుగు మెట్టు. చివరి డివిజన్ మ్యాచ్‌లు నడపడం, కొత్తగా చేరే క్లబ్బుల మైదానాలు తనిఖీ చేసి పత్రం మీద సంతకం పెట్టడం మా మెట్టువాళ్ల పని.

ఆ రోజుల్లో నగరానికి పడమర సాఫ్ట్‌వేర్ కంపెనీల అద్దాల మేడలు లేస్తున్నాయి. మా వైపు ఆ వేడి ఇంకో రకంగా తగిలింది. జంట జలాశయాలకు నీళ్లొచ్చే ప్రాంతం కావడంతో ఇక్కడ పెద్ద కట్టడాలకు అనుమతి లేదు. ఏనాటికైనా రాకపోతుందా అని నగరంవాళ్లు ప్లాట్లు కొనేవారు. జొన్నచేను ఒక్క వేసవిలో వెంచరయ్యేది. హద్దురాళ్లు పాతి, ఒక వాచ్‌మన్‌ను పెట్టి, కొన్నవాళ్లు మళ్లీ కనిపించేవారు కాదు. అజీజ్‌నగర్ వైపు తోటబంగళాలు, రిసార్టులు వెలిశాయి. నిన్నటి రైతులు వాటిలో మాలీలు, వంటవాళ్లు అయ్యారు.

మా బడికి దగ్గరి ఊరైన చిన్న మంగళారంలో వ్యాయామ సంఘం అప్పటికి పేరుకే ఉండేది. ఏడాదికోసారి కబడ్డీ, పరుగుపందెం పెట్టేవారు. దాని ఫుట్‌బాల్ జట్టు మాత్రం ఒక రిసార్టు పచ్చికలో పుట్టింది. ఒక శనివారం విహారానికి వచ్చిన కంపెనీ ఉద్యోగులకు ఆటలో నలుగురు తక్కువయ్యారట. అక్కడే పనిచేస్తున్న ఇద్దరు మాలీలను, ఒక వంటమనిషిని, గోడ కడుతున్న మేస్త్రీని పిలిచి నిలబెట్టారు. ఆ నలుగురు చేరిన పక్షమే గెలిచింది. వెళ్తూ వెళ్తూ కంపెనీవాళ్లు రెండు బంతులు వదిలిపోయారు. ఆ మేస్త్రీ పేరు యాదయ్య. నలభై దాటినవాడు, మాట తక్కువ, అరచేతులు రాతిపలకల్లా ఉండేవి. అతనే తర్వాత జట్టు గోల్‌కీపర్ అయ్యాడు. కెప్టెన్ నర్సింలు, ఊరి పక్క వెంచర్‌కు వాచ్‌మన్. ఆ వెంచర్‌లో సగం నేల ఒకప్పుడు వాళ్ల నాయనదే.

రెండేళ్లు ఆడాక వాళ్లు లీగ్‌లో చేరాలనుకున్నారు. చేరాలంటే నమోదైన సంఘం, పదిహేను మంది ఆటగాళ్ల పత్రాలు, సొంతంగా వాడుకునే మైదానం ఉండాలి. ఫిబ్రవరిలో ఒక ఆదివారం నేను తనిఖీకి వెళ్లాను. వెంచర్ నడిమధ్యన మైదానం. నేల దువ్వినట్టు చదునుగా ఉన్నది. జామాయిలు కర్రల గోలు స్తంభాలు నిట్టనిలువుగా ఉన్నాయి. సున్నపు గీతలు టేపుకు అంగుళం తేడా రాలేదు. చివరి డివిజన్‌లో అలాంటి గీతలు నేనెన్నడూ చూడలేదు. స్థలం వాడుకోవడానికి వెంచర్ మేనేజర్ ఇచ్చిన చీటీ కూడా చూపించారు. పత్రంలో 'అడ్డంకులు' అన్న గడిలో 'లేవు' అని రాసి సంతకం పెట్టాను.

నాలుగు రోజుల తర్వాత బడి పని మీద అదే దారిన వెళ్తూ స్కూటర్ ఆపేశాను. నేను సంతకం పెట్టిన మైదానం నిండా రాళ్లు. మోకాలెత్తు రాతి కడీలు వరసలు వరసలుగా, ఒక్కోదాని మీద ఎర్రరంగుతో ప్లాటు నంబరు. దారి తప్పానేమో అనుకున్నాను. నర్సింలు గుడిసెలోంచి వచ్చి, నా ముఖం చూసి విషయం గ్రహించాడు.

"ఆదివారం పొద్దుగాల తీస్తం సార్, ఆటయినంక మళ్ల పెడతం" అన్నాడు.

"ఎన్ని?"

"ముప్పై ఆరు. ఎక్కడియ్యి అక్కడనే పెడతం సార్. రెండేండ్ల సంది గిట్లనే."

మేనేజర్ ఆడుకొమ్మన్నాడే గాని రాళ్లు పీకమనలేదు. హద్దురాయి కదిలించడం చట్టరీత్యా నేరం. ఆ నేరం మీద నిలబడిన మైదానానికి ప్రభుత్వ ఉద్యోగినైన నేను పత్రం ఇచ్చాను. వెంటనే జిల్లా కార్యదర్శికి రాయాల్సింది. రాయలేదు. రాస్తే ఆ జట్టు లీగ్‌లోకి రాదు, నా తనిఖీ ఎంత గుడ్డిదో కూడా బయటపడుతుంది. రెండింటిలో ఏది ఎక్కువగా ఆపిందో నిజాయితీగా చెప్పలేను.

ఏప్రిల్‌లో వాళ్ల మొదటి లీగ్ మ్యాచ్, చేవెళ్ల జట్టుతో. సాయంత్రం నాలుగింటికి ఆట. రిఫరీగా నన్నే వేశారు. చేవెళ్లవాళ్లు డీసీఎం వ్యాన్‌లో వచ్చారు. వాళ్ల కెప్టెన్ మల్లేశ్ కూరగాయల మార్కెట్లో హమాలీ. ఊరు ఊరంతా గట్టు మీద చేరింది. నేను బూట్ల లేసులు కట్టుకుంటుండగా తెల్లకారు ఒకటి వచ్చి ఆగింది.

కారులోంచి ఇద్దరు దిగారు. ఒకరు సుధాకర్, సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే మనిషి, ఆ వెంచర్‌లో ఒక ప్లాటు యజమాని. ప్రహరీ కట్టించుకునే ముందు కొలిపించుకుందామని సెలవురోజు చూసుకుని వచ్చాడు. రెండో ఆయన ప్రభాకరరావు, సర్వే శాఖలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి, చేతిలో లేఅవుట్ నక్షా. ప్లాటు ఉండాల్సిన చోట వాళ్లకు కనిపించింది గోలు స్తంభం.

సుధాకర్ గొంతు పెరిగింది. తన రాళ్లేవి అన్నాడు, ఎవరు పీకారన్నాడు, సెల్‌ఫోన్ తీసి పోలీసులను పిలుస్తానన్నాడు. ఆయన కోపంలో తప్పేమీ లేదు. నర్సింలు ముందుకొచ్చాడు. అతనికి ఆ వెంచర్ నౌకరీయే బతుకు.

"తీసింది మేమే సార్. అన్నీ గా గట్టు కింద ఉన్నయి. జర టైమియ్యుండ్రి, మీ ముంగటనే పెడతం. మీరు కొలుసుకోండ్రి. తేడా వస్తె ఎవల్నన్న పిలువుండ్రి."

ప్రభాకరరావు సుధాకర్ చేయి పట్టుకుని ఆపాడు. "పెట్టనియ్యండి, చూద్దాం. ఎట్ల పెడతారో నాక్కూడా చూడాలనే ఉంది" అన్నాడు.

ఇక్కడ నా నిబంధన ఒకటి అడ్డొచ్చింది. నిర్ణీత సమయం దాటి అరగంటలోపు ఆతిథ్య జట్టు ఆట మొదలుపెట్టలేకపోతే మ్యాచ్ ఎదుటివాళ్లకు రాయాలి. దాన్నే వాకోవర్ అంటారు. రాళ్లన్నీ పెట్టడానికి గంటకు పైనే పడుతుంది. ఆ మాట నర్సింలుకు చెప్పాను. మేం ఆగుతామని మల్లేశ్ అన్నాడు గాని, ఆగే అధికారం అతనికీ లేదు, నాకూ లేదు.

నర్సింలు యాదయ్య వైపు చూశాడు. యాదయ్య అప్పటికే చేతి తొడుగులు తీసేస్తున్నాడు.

"రాస్కోండ్రి సార్. ముందుగాల రాళ్లు పెడతం" అన్నాడు నర్సింలు.

ఆ తర్వాత చూసినదాన్ని నా ఉద్యోగ జీవితంలో మళ్లీ చూడలేదు. మైదానానికి వెలుపల రెండు మూలల్లో వెంచర్ మూలరాళ్లు ఉన్నాయి. వాటిని వాళ్లు ఎన్నడూ ముట్టలేదు. యాదయ్య రెండు తాళ్లు తెచ్చాడు. మైనం పట్టించిన మేస్త్రీల నూలుతాళ్లు. ఒక్కోదాని మీద ముప్పై ఆరు ముళ్లు, ముడికో గుడ్డపేలిక, పేలిక మీద నంబరు. ఒక తాడు కొసను ఒక మూలరాయికి, రెండో తాడు కొసను రెండో మూలరాయికి కట్టాడు. ఒక నంబరు పిలవగానే ఇద్దరు ఆటగాళ్లు రెండు తాళ్లనూ బిగలాగి, ఆ నంబరు ముళ్లు రెండూ కలిసేదాకా జరిగేవారు. కలిసిన చోట యాదయ్య దారానికి వేలాడే లంబగుండు వదిలేవాడు. గుండు మొన తాకిన చోట మట్టి తీసి, రాయి దింపి, నంబరు ముఖం ఎటుండాలో అటు తిప్పి, గునపం మొనతో చుట్టూ దట్టించేవారు. కొత్త జెర్సీలు ఎర్రమట్టి కొట్టుకుపోయాయి. ఎవరూ అరవలేదు, ఎవరూ తొందరపడలేదు. నంబరు, లాగు, ఆపు, దింపు. అంతే మాటలు.

ప్రభాకరరావు నా పక్కకొచ్చి నిలబడ్డాడు. రెండు స్థిర బిందువుల నుంచి దూరాలు పట్టి మూడోదాన్ని నిలపడం తాము శిక్షణ కేంద్రంలో నెలల తరబడి నేర్చుకున్న విద్య అని చెప్పాడు. యాదయ్యను పిలిచి, తాడు తడిస్తే కుంచించుకుపోదా అని అడిగాడు.

"కుంచుకపోతది సార్. అందుకే వాన పడ్డనాడు ఆడం" అన్నాడు యాదయ్య.

రెండేళ్లుగా వానరోజు ఆట మానుకునే ఆ జట్టును చుట్టుపక్కల ఊళ్లవాళ్లు బురదకు భయపడే జట్టని ఎగతాళి చేసేవారు. నేనూ ఆ మాట విని నవ్వినవాణ్ణే.

నాలుగున్నరకు గడియారం చూసుకుని, ఈల నోట పెట్టుకోకుండానే, మ్యాచ్ పత్రంలో వాకోవర్ రాశాను. చేవెళ్లవాళ్లు వెళ్లిపోలేదు. గట్టు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయారు.

అయిదింబావుకు చివరి రాయి దిగింది. ప్రభాకరరావు నక్షా పరిచి, టేపు పట్టించి కొలవడం మొదలుపెట్టాడు. ఒక్కో రాయి దగ్గర ఆగి, చదివి, తల ఊపి ముందుకు పోయేవాడు. తేడా అంటే బొటనవేలి మందం, అంతకు మించి లేదు. సుధాకర్ ప్లాటు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. మళ్లీ కొలిచాడు. మూలన ఉన్న రాయి నక్షాలో చూపిన చోటికి జానెడు లోపలికి ఉన్నది. ఆ మేరకు సుధాకర్ స్థలం తగ్గింది.

"చూశారా!" అన్నాడు సుధాకర్.

నర్సింలు ముఖం తెల్లబోయింది. నా పరిస్థితీ అంతే. యాదయ్య మాత్రం రాయి దగ్గర గొంతుక్కూర్చుని, "గది మేం జరిపింది కాదు సార్. మొదటిసంది గాడనే ఉన్నది" అన్నాడు.

"నమ్మేదెట్లా?" అన్నాడు సుధాకర్.

ప్రభాకరరావు కాసేపు ఆలోచించి గునపం అడిగాడు. పాతకాలపు సర్వేయర్లు హద్దురాయి పాతేటప్పుడు దాని కిందికి ఇంకో మూరెడు లోతున బొగ్గులు, పెంకు ముక్కలు పోసేవారు. పైరాయిని ఎవరైనా జరిపినా అడుగున సాక్ష్యం మిగులుతుంది. ఈ వెంచర్‌ను మొదట కొలిచినాయన ఆ పద్ధతివాడే అయ్యుంటాడని ఆయన అంచనా. రాయి తీయించి, గుంట అడుగున నెమ్మదిగా తవ్వించాడు. మూరెడు లోతున నల్లగా బొగ్గులు కనిపించాయి. సరిగ్గా రాయి ఉన్న చోటి కిందనే. పక్కన జానెడు దూరంలో కూడా తవ్వించి చూశాడు. అక్కడ ఉత్త మట్టి.

అంటే తప్పు మొదటి రోజుదే. రెండేళ్ల పాటు ప్రతి ఆదివారం ఆ రాయిని తీసి, మళ్లీ అదే తప్పు చోట, అంగుళం కూడా జరక్కుండా వీళ్లు నిలబెడుతూ వచ్చారు.

సుధాకర్ కోపం ఎటు పోయిందో తెలియదు. "ఇది తప్పని నీకు ముందే తెలుసా?" అని యాదయ్యను అడిగాడు.

"తెలుసు సార్. మొదటిసారి ముడి ఏసిననాడే ఎరుకైంది. వరస కలుస్తలేదు."

"మరి సరిచేసి పెట్టొచ్చు కదా?"

యాదయ్య ఆ ప్రశ్నకు నిజంగా ఆశ్చర్యపోయాడు. "రాయి మాది గాదు కద సార్. ఏడున్నదో ఆడ పెట్టుడు మా పని. సరిజేసుడు మీ పని" అన్నాడు.

ప్రభాకరరావు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, యాదయ్య చేతిలోని తాడు అందుకుని, ముళ్లను ఒక్కొక్కటిగా వేళ్లతో తడిమి చూశాడు. పదిహేనేళ్లుగా గీతలు కొలుస్తున్నాను, కొలత అంటే నాకు తెలుసనుకున్నాను.

తర్వాత జరిగింది చెప్పాలి. సుధాకర్ తన రాయిని వెంచర్‌వాళ్ల చేత పద్ధతి ప్రకారం సరిచేయించుకున్నాడు. ప్రహరీ ఆలోచన వాయిదా వేసి, మిగతా ప్లాట్ల యజమానులకు ఈమెయిళ్లు పంపి, ఆదివారాలు రాళ్లు తీసి పెట్టడానికి వాళ్ల అంగీకారం రాతపూర్వకంగా తెప్పించాడు. అమెరికాలో ఉన్నవాళ్ల జవాబులు కూడా ప్రింటు తీసి నర్సింలు చేతికిచ్చాడు. నేను జరిగినదంతా, నా తనిఖీ తప్పుతో సహా, జిల్లా కార్యదర్శికి రాశాను. మెమో వచ్చింది. ఆ సీజన్‌లో మిగిలిన మ్యాచ్‌లకు నన్ను వేయలేదు. అది న్యాయమే. వాకోవర్ మాత్రం అట్లాగే నిలిచింది. చిన్న మంగళారం జట్టు లీగ్ చరిత్రలో మొదటి వరుస, బంతి తన్నకుండా ఓడిన మ్యాచ్. మల్లేశ్ తన జట్టుతో మేలో మళ్లీ వచ్చి స్నేహపూర్వకంగా ఆడి, మూడు గోల్స్ తేడాతో ఓడిపోయి వెళ్లాడు. అది ఏ రికార్డులోనూ లేదు.

గోడలు లేచేదాకా ఆ జట్టు అక్కడే ఆడింది. నేను రెండో తరగతి రిఫరీనై, తర్వాత కొత్త రిఫరీలకు పాఠాలు చెప్పే పనిలోకి వెళ్లాను. ఈ సంఘటన నాకు నేర్పింది ఒకటే. నిబంధనల పుస్తకం చదవనివాళ్లకు నిబంధన తెలియదని అనుకోకూడదు. అప్పటినుంచి ఏ ఊరికి వెళ్లినా, ఆ నేలను రోజూ చూసుకునే మనిషి ఎవరో ముందు కనుక్కుని, అతను చెప్పేది పూర్తిగా విన్నాకే టేపు బయటికి తీసేవాణ్ణి.